స్వెట్టర్ తీయని అబ్బాయి: ఎనిమిదో తరగతి నుంచి ఒక కేస్ స్టడీ

పన్నెండేళ్లుగా స్కూల్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. టీనేజ్ పిల్లలకు సెక్స్ ఎడ్యుకేషన్ చెప్పాలా వద్దా అనే వాదన ఎక్కడ మొదలైనా కాసేపట్లో విలువలు, హక్కులు, కాలం మారిందా లేదా అనే పెద్ద మాటల్లోకి వెళ్లిపోతుంది. ఈ కేసులో అదే వాదన 13 ఏళ్ల అబ్బాయి వేసుకున్న స్వెట్టర్ దగ్గర మొదలైంది. ఎనిమిది నెలలు నడిచింది. అందులో నేను తీసుకున్న కొన్ని నిర్ణయాలు తప్పాయి, కొన్ని కుదిరాయి. ఏది ఎందుకు తప్పిందో రాసి పెడితే ఇదే పని చేసేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. అబ్బాయి, వాళ్ల అమ్మ రాయమన్నాకే రాశాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆ స్కూల్‌కి వారానికి రెండు రోజులు వెళ్తాను. ఆ సెక్షన్‌లో అబ్బాయిలు, అమ్మాయిలు కలిపి 39 మంది. అంతకు ముందు ఏడాది అక్కడ ఒక ప్రయత్నం జరిగి చెడింది. బయటి నుంచి వచ్చిన వక్త ఒకరు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. అందులో సగం సేపు లైంగిక వ్యాధుల ఫొటోలే. పేరెంట్స్‌కి ముందు ఒక్క ముక్క చెప్పలేదు. ఆరో తరగతి పాప ఒకతి రెండు రోజులు నిద్రపోలేదని వాళ్ల నాన్న వచ్చి గొడవ చేశారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. మేనేజ్‌మెంట్ మాత్రం దాన్నుంచి వేరే పాఠం నేర్చుకుంది: ఇకపై ఆ టాపిక్ ఎత్తకూడదు. బయాలజీ టీచర్ ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేయడం అప్పుడే మొదలుపెట్టారు.

సమస్య ఎలా బయటపడింది

పీటీ సార్ నా దగ్గరికి వచ్చి ఒక అబ్బాయి ఏడు వారాలుగా పీటీ పీరియడ్‌కి రావడం లేదని చెప్పారు. ఎండలు ముదిరినా స్వెట్టర్ తీయడట. మార్కులు తగ్గలేదు, గొడవలు లేవు. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల అమ్మ ఇంకో సంగతి చెప్పారు: పీటీ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వస్తోంది. ఇద్దరు డాక్టర్లకు చూపించారు, పరీక్షలన్నీ నార్మల్.

ఎవరో ఏడిపిస్తున్నారనుకున్నాను. అది సగమే నిజం. మొదటి రెండు సార్లు ఏం అడిగినా "ఏం లేదు మేడమ్" అన్నాడు. మూడోసారి ప్రశ్నలు మానేశాను. పెద్దవాళ్లు అడిగే ప్రశ్నకు నోటితో జవాబు చెప్పాలంటే పిల్లలకు రెండు బరువులు: విషయం ఒకటి, దాన్ని పలకడం ఒకటి. రెండో బరువు తీసేస్తే మొదటిది కదులుతుందేమోనని తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చాలాసేపటికి కాగితం బల్ల మీద జరిగిన చప్పుడైంది. ఒక్క వాక్యం రాశాడు: "నాకు అమ్మాయిలకు వచ్చినట్టు వస్తోంది." నేను చదివానో లేదో కాగితం వెనక్కి లాక్కుని మడతపెట్టడం మొదలుపెట్టాడు. సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ. ఇక మడత పడనంత చిన్నదయ్యాక పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ మాటకు నాకు అర్థం తెలుసు. యుక్తవయసు మొదలయ్యాక దాదాపు సగం మంది అబ్బాయిల్లో చనుమొన కింద చిన్న బిళ్లలా గట్టిపడి ఛాతీ కొంచెం ఉబ్బుతుంది. వైద్యులు గైనకోమాస్టియా అంటారు. 13, 14 ఏళ్లప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వయసులో హార్మోన్ల మధ్య తూకం కొంతకాలం అటూ ఇటూ అవుతుంది కాబట్టి వస్తుంది. ముట్టుకుంటే నొప్పి ఉండొచ్చు, ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉండొచ్చు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే తగ్గిపోతుంది. ఇంత మామూలు సంగతి ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. వాడు ఫోన్‌లో వెతికాడు. దొరికింది ఆపరేషన్ ప్రకటనలు, కండలు పెంచే వీడియోలు, ఆ వయసు పిల్లలు చూడకూడనివి. కుడివైపు ఎక్కువ ఉండేసరికి క్యాన్సర్ అనుకున్నాడు. నాలుగు నెలలు ఆ భయంతో ఒంటరిగా ఉన్నాడు.

మొదటి నిర్ణయాలు

నేను డాక్టర్‌ని కాను. మామూలు సంగతే అని నాకు తెలిసినా ఆ మాట చెప్పాల్సింది పరీక్ష చేసినవాళ్లు. యుక్తవయసు లక్షణాలు ఇంకా మొదలవకముందే వచ్చినా, త్వరత్వరగా పెరుగుతున్నా, చనుమొన నుంచి ఏదైనా కారుతున్నా, వృషణాల్లో గడ్డ తగిలినా వేరే కారణాలు వెతకాలి. కాబట్టి డాక్టర్ దగ్గరికి పంపాలి. పంపాలంటే ఇంట్లో చెప్పాలి. ఎవరికి చెప్పాలో వాడినే అడిగాను. "అమ్మకి చెప్పండి, నాన్నకి వద్దు" అన్నాడు. ఒప్పుకున్నాను. పేరెంట్స్ ఇద్దరికీ చెప్పడమే సరైన పద్ధతి అనే సహోద్యోగులు ఉన్నారు. వాళ్ల వాదన నాకు తెలుసు. అయితే నాలుగు నెలల తర్వాత మొదటిసారి నోరు తెరిచిన పిల్లవాడి మొదటి కోరికనే కాదంటే రెండో మాట రాదు. ప్రాణాపాయం, హింస ఉంటే మాత్రం రహస్యం ఉంచనని మొదటి రోజే చెప్పి ఉన్నాను.

అందుకే అడగాల్సిన ఇంకో ప్రశ్న కూడా అడిగాను: నీకు ఇష్టం లేకుండా నీ ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేశారా? తల ఊపాడు. పీటీకి బట్టలు మార్చుకునే గదిలో నలుగురు క్లాస్‌మేట్స్ చొక్కా పైకి లాగి నవ్వారు. ఆ రోజు నుంచి వాడికి ఒక పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను.

డాక్టర్ పరీక్ష చేసి ధైర్యం చెప్పారు, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. క్యాన్సర్ భయం ఆ సాయంత్రమే పోయింది. కడుపునొప్పి తగ్గింది. కేసు అక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాతి పీటీ పీరియడ్‌కి కూడా వాడు రాలేదు. ఎందుకురా అంటే, "నాకు తెలిసింది మేడమ్. వాళ్లకి తెలీదు కదా" అన్నాడు.

ఈ కేసంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. వాడికి కావాల్సిన మందు మిగతా 38 మంది దగ్గర ఉంది. "అవసరమైన పిల్లలకు విడిగా చెప్పండి, అందరికీ ఎందుకు?" అని పేరెంట్స్ అడుగుతుంటారు. నేను కూడా చాలా ఏళ్లు ఆ మాటకు సగం తల ఊపాను. వాడి జవాబు విన్నాక ఊపలేకపోయాను.

చేసి చూసినవి, కుదరనివి

మొదట క్రమశిక్షణ దారి. హెడ్మాస్టర్ ఆ నలుగురినీ పిలిచి గట్టిగా మందలించారు. పేరు పెట్టి పిలవడం ఆగింది. దాని బదులు వాడు లోపలికి రాగానే ఎవరో ఒకరు దగ్గడం మొదలైంది. దగ్గుకి ఎవరిని శిక్షిస్తాం? చొక్కా లాగడం తప్పని ఆ నలుగురికీ తెలియాలి, తెలియజెప్పడం మా బాధ్యత, దాన్ని వదలకూడదు. కానీ ఆ శిక్ష వాళ్లు దేన్ని చూసి నవ్వారో దాన్ని ముట్టుకోలేదు. వారం తర్వాత ఆ నలుగురిలో ఒకడు ఒంటరిగా నా గది ముందు తచ్చాడి, లోపలికి వచ్చి, తన గొంతు ఇంకా మారలేదని, తనకేమైనా లోపమా అని అడిగాడు. అందరికంటే గట్టిగా నవ్వింది వాడేనని తర్వాత తెలిసింది. తన మీదికి ఎవరి చూపూ రాకుండా నవ్వుని ఇంకొకడి మీదికి తిప్పుతున్నాడు.

అప్పుడు తరగతి మొత్తానికి సెషన్ కావాలని అడిగాను. పేరెంట్స్ మీటింగ్ పెట్టమన్నారు. బాగా సిద్ధమై వెళ్లాను. యునెస్కో 2009లో తెచ్చి 2018లో సవరించిన మార్గదర్శకాలు, అవి 5 ఏళ్ల వయసు నుంచి నాలుగు వయసు గుంపులుగా ఏది ఎప్పుడు చెప్పాలో విడగొట్టిన తీరు, స్వీడన్‌లో 1955 నుంచి ఇది తప్పనిసరి పాఠం కావడం, అన్నీ చెప్పాను. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి ప్రయోగాలు చేస్తారనే భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదని, "పెళ్లిదాకా వద్దు" అని మాత్రమే చెప్పే కార్యక్రమాలు అనుకున్న ఫలితం ఇవ్వలేదని వివరించాను. అవన్నీ నిజాలే. ఈ రోజుకీ ఆ మాటల మీద నిలబడతాను.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి తండ్రి లేచారు. గొంతు పెంచలేదు. "మేడమ్, లెక్కలు బాగున్నాయి. రేపు మా అమ్మాయి ముందు మీరు ఏ మాటలు వాడతారో ఆ మాటలే ఇప్పుడు మాకు చెప్పండి" అన్నారు.

నోరు తెరిచాను. "ప్రైవేట్ పార్ట్స్" అన్నాను. "ఆ ఏరియా" అన్నాను. తర్వాత పూర్తిగా ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయాను. 60 మంది పెద్దవాళ్ల ముందు తెలుగులో ఒక్క శరీర భాగం పేరు మామూలు గొంతుతో పలకలేకపోయాను. ఆయన మళ్లీ ఏమీ అనకుండా కూర్చున్నారు. మీటింగ్ అక్కడే ముగిసిపోయింది.

ఆ రాత్రి ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. మనకు ఈ విషయంలో రెండే రకాల మాటలు ఉన్నాయి. ఒకటి వీధిలో తిట్టుగా వినేవి, రెండోది పాఠ్యపుస్తకంలో బట్టీ పట్టేవి. మధ్యలో, తల్లి కూతురితో అనగలిగేవి, పిల్లవాడు డాక్టర్‌తో చెప్పుకోగలిగేవి దాదాపు లేవు. ఉన్నవాటిని కూడా మనం వాడి వాడి మామూలు చేసుకోలేదు. సెక్స్ ఎడ్యుకేషన్ అనగానే పేరెంట్స్‌కి చెవుల్లో మోగేది మొదటి రకం. ఆ మాటలు తమ పిల్లల ముందు ఒక టీచర్ పలుకుతారని ఊహించుకుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నేను వాళ్ల వ్యతిరేకతకు జవాబుగా గణాంకాలు తీసుకెళ్లాను. వాళ్లు అడిగింది గణాంకాలు కాదు.

మీటింగ్‌లో ఇంకో తల్లి అన్న మాట కూడా నాతో ఉండిపోయింది: "మీరు చెప్పేసి వెళ్లిపోతారు. రాత్రి పడుకునేముందు అది నన్ను అడుగుతుంది. నేనేం చెప్పను?"

ఆ తర్వాత మేనేజ్‌మెంట్ రాజీ దారి చూపించింది. అబ్బాయిలకు మాత్రమే, మగ డాక్టర్‌తో, 40 నిమిషాలు. ఏమీ లేకపోవడం కంటే మేలు అనుకుని ఒప్పుకున్నాను. డాక్టర్ మంచివారే, ఓపికగా చెప్పారు. స్లైడ్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చివరి పావుగంట వ్యాధులే. "ఎనీ డౌట్స్?" అంటే ఒక్క చెయ్యి లేవలేదు. అబ్బాయిల ఛాతీ సంగతి ఏ స్లైడ్‌లోనూ లేదు. ముందే ఆయనతో కూర్చుని ఏం చెప్తారో చూసుకోకపోవడం నా పొరపాటు. మరునాడు స్వెట్టర్ అబ్బాయిని అడిగితే, "అమ్మాయిలే మేడమ్ ఎక్కువ చూసేది" అన్నాడు. వాళ్లు ఆ గదిలో లేరు కదా.

విడివిడిగా చెప్పడం తప్పని అనను. నెలసరి గురించి అమ్మాయిలు తమలో తాము అడుక్కోవాల్సినవి ఉంటాయి, అబ్బాయిలకూ అలాంటివి ఉంటాయి. కానీ ఎదుటివాళ్ల ఒంట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే ఎగతాళి తగ్గదు. బట్టలకు మరక అంటిన అమ్మాయిని చూసి అబ్బాయిలు నవ్వేది, ఈ అబ్బాయిని చూసి అమ్మాయిలు గుసగుసలాడేది ఒకే తెలియనితనంతో. సిగ్గు పడాల్సినవి మాత్రమే తలుపులు వేసి విడిగా చెప్తారని పిల్లలకు ముందే అర్థమవుతుంది.

మాటల జాబితా

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి పరిశోధనల జోలికి పోలేదు. బయాలజీ టీచర్, స్కూల్ నర్స్, మీటింగ్‌లో మాట్లాడిన ఆ తల్లి, నేను ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. ఎనిమిదో తరగతికి కావాల్సిన మాటలు ఒక్కొక్కటిగా రాసుకున్నాం. పరీక్ష ఒకటే పెట్టుకున్నాం: 13 ఏళ్ల పిల్ల ఈ మాటను డాక్టర్‌తో అనగలదా, ఇంట్లో తల్లి గొంతు తగ్గించకుండా అనగలదా.

నాలుగు సాయంత్రాలు పట్టింది. నెలసరి, గర్భాశయం, అండం దగ్గర ఇబ్బంది రాలేదు. "వక్షోజాలు" పుస్తకం మాట, ఎవరూ ఇంట్లో అనరని తీసేశాం. "రొమ్ము" ఉంచాం, ఆడవాళ్లకీ మగవాళ్లకీ అదే మాట వాడాలని నర్స్ పట్టుబట్టారు, ఈ కేసుకి అదే కీలకమైంది. పురుషాంగం, వృషణాలు, యోని అనే మాటల దగ్గర చాలాసేపు ఆగాం. తప్పు మాటలేం కాదు, పలకడమే అలవాటు లేదు. చివరికి వాటినే ఉంచుకుని ఒకరి తర్వాత ఒకరం పైకి చదివాం. మొదటిరోజు ఆ తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చదివారు. మూడోరోజుకి కొంగు ఒళ్లో ఉంది. "స్వప్నస్ఖలనం" తీసేసి "నిద్రలో వీర్యం పోవడం" అని రాశాం. అది రోగం కాదని, బలం తగ్గదని పక్కనే ఒక వాక్యం పెట్టాం.

అన్నిటికంటే కష్టమైన మాట శరీర భాగం కాదు. ఎదుటివాళ్ల ఇష్టం తెలుసుకున్నాకే ముందుకు వెళ్లాలనే ఆలోచనకి ఏ మాట వాడాలి? "సమ్మతి" అంటే కోర్టు కాగితంలా ఉంది. "ఒప్పుకోవడం" అంటే ఒత్తిడికి లొంగడం కూడా వస్తుంది, తప్పు ఒప్పుకోవడం కూడా వస్తుంది. అది ఖాళీగా వదిలేశాం.

తర్వాత ప్రశ్నల పెట్టె. 39 మందికీ ఒకే రకం కాగితం, ఒకే రకం పెన్సిల్, ఐదు నిమిషాలు. ప్రశ్న లేనివాళ్లు బోర్డు మీది రెండు లైన్లు ఎక్కించి వేయాలి. అప్పుడు అందరి పెన్సిళ్లూ కదులుతాయి, ఎవరు అడిగారో తెలియదు. చేతిరాత కనపడకుండా నేనే టైప్ చేశాను. చదువుతుంటే కళ్లు తడిశాయి. సెక్స్ గురించి నేరుగా అడిగినవి మూడే. మిగతావన్నీ ఒకే ప్రశ్నకి రకరకాల రూపాలు: నేను మామూలుగానే ఉన్నానా? ఒక రొమ్ము చిన్నగా ఉంది, పెరుగుతుందా. నెలసరి రెండు నెలలు రాలేదు, నేనేం చేయలేదు. నా గొంతు ఎప్పుడు మారుతుంది. నిద్రలో బట్టలు తడుస్తున్నాయి, అమ్మకి తెలిస్తే ఏమంటుంది. చెమట వాసన ఎందుకు వస్తోంది.

ఒక కాగితం మీద మాత్రం ఇలా ఉంది: "తెలిసినవాళ్లే ముట్టుకుంటుంటే ఎవరికి చెప్పాలి?" ఎవరు రాశారో తెలుసుకునే వీలు లేకుండా నేనే ఏర్పాటు చేసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చేతిరాతలు పోల్చి పట్టుకుందామనిపించింది. ఆగాను. పేరు ఉండదని మాట ఇచ్చి తప్పితే ఆ పిల్లే కాదు, ఇంకెవరూ రారు. దాని బదులు మరునాడే తరగతిలో ఆ ప్రశ్న చదవకుండా జవాబు మాత్రం చెప్పాం: అది మీ తప్పు కాదు, చెప్పినందుకు ఎవరూ తిట్టరు, ఈ ముగ్గురిలో ఎవరి దగ్గరికైనా ఎప్పుడైనా రావచ్చు. నేను రాని రోజుల్లో నర్స్ గది తలుపు మధ్యాహ్నం తెరిచే ఉంచాం. పదకొండు రోజులకు ఒక చిన్నారి వచ్చింది. ఆ తర్వాత చేయాల్సినవన్నీ చేశాం. ఆ సంగతి ఇంతకంటే రాయను. పెట్టె పెట్టేవాళ్లకు ఒకటే మనవి: అలాంటి కాగితం వస్తే ఎవరు ఏం చేయాలో పెట్టె పెట్టకముందే రాసుకోండి. మేం రాసుకోలేదు.

రెండో మీటింగ్

ఈసారి స్లైడ్లు లేవు. సెషన్‌లో చెప్పబోయే ప్రతి వాక్యం ఐదు రోజుల ముందే ఇంటికి పంపాం. ఇందులో లేని మాట తరగతిలో రాదని హామీ ఇచ్చాం. గర్భనిరోధం, లైంగిక వ్యాధులు ఎనిమిదో తరగతి కాగితంలో పెట్టలేదు. అవి తొమ్మిది, పది తరగతులకు అని విడగొట్టాం. ఇది భయపడి వెనక్కి తగ్గడమే అని నా తోటి కౌన్సెలర్ ఒకరన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆ రెండూ తెలియక నష్టపోయే పిల్లలు 13 ఏళ్లలోనూ ఉంటారు. కానీ ఆ రోజు నా ఎదురుగా ఉన్న కేసు ఇది, ఈ పిల్లవాడికి సంవత్సరం ఆగే ఓపిక లేదు.

మీటింగ్‌లో టైప్ చేసిన ప్రశ్నలు పేరెంట్స్‌కి పంచి (ఆ ఒక్కటీ, గుర్తుపట్టే అవకాశమున్న ఇంకో రెండూ తీసేసి) "వీటికి మీరైతే ఏం చెప్తారు?" అని అడిగాను. గదిలో చాలాసేపు కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకాయన నిద్రలో బట్టలు తడిసే ప్రశ్న దగ్గర వేలు పెట్టి, "నేనూ ఎవరినీ అడగలేదు" అన్నారు. అంతే అన్నారు. తర్వాత మాటల జాబితా నేను, బయాలజీ టీచర్ నిలబడి పైకి చదివాం, మామూలు గొంతుతో. వెనక వరస తండ్రి కళ్లు మూసుకుని విన్నారు. చివర్లో, "ఈ మాటలైతే నాకు అభ్యంతరం లేదు" అన్నారు.

అందరూ ఒప్పుకోలేదు. ముగ్గురు తమ పిల్లలు వద్దన్నారు. ఇలాంటప్పుడు ఆ పిల్లల్ని లైబ్రరీకి పంపడం మామూలు. అలా పంపితే తరగతంతా వాళ్ల వైపే చూస్తుంది. అందుకే ఆ ముగ్గురు పేరెంట్స్‌కి అదే కాగితం ఇచ్చి, వారంలోపు ఇంట్లో మీరే చదివి వినిపించండి, ఆ తర్వాత తరగతికి పంపండి అన్నాం. ఇద్దరు చేశారు. ఒకరు ససేమిరా అన్నారు. సెషన్లు జరిగిన మూడు రోజులూ ఆ పిల్లని ఇంట్లోనే ఉంచారు. బలవంతం చేయలేదు. ఆ పిల్ల గురించి ఇప్పటికీ మనసులో ఉంది.

సెషన్లు

ఒకే రోజు కాదు, మూడు వేర్వేరు రోజులు, ఒక్కోటి 40 నిమిషాలు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసే. చెప్పింది నేను కాదు, బయాలజీ టీచర్. "చెప్పేసి వెళ్లిపోతారు" అన్న తల్లి మాట మర్చిపోలేదు. పిల్లలకు శుక్రవారం వచ్చే సందేహానికి సోమవారం దాకా ఆగాల్సిన పని ఉండకూడదు. ఆమె రోజూ అక్కడే ఉంటారు.

మొదటి రోజు వయసు లెక్కలతో మొదలుపెట్టారు. అమ్మాయిల్లో మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి మధ్య నాలుగేళ్ల తేడా ఉన్నా ఇద్దరూ మామూలే. నెలసరి మొదలైన తొలి ఏళ్లలో 21 రోజులకూ రావచ్చు, 45 రోజులకూ రావచ్చు. మూడు నెలలు దాటితే డాక్టర్‌కి చూపించాలి. అబ్బాయిల సంగతి ఏ వరసలో చెప్పాలో ఆమె, నేను ముందే కూర్చుని తేల్చుకున్నాం. ప్రత్యేకంగా ఒక పాయింట్‌గా పెడితే 38 తలలు ఒకవైపు తిరుగుతాయి. అందుకని గొంతు మారడానికి, చెమట వాసనకి మధ్యలో పెట్టాం: "దాదాపు సగం మంది అబ్బాయిలకు రొమ్ము దగ్గర కొంచెం ఉబ్బుతుంది, నొప్పి కూడా ఉండొచ్చు, ఏడాది రెండేళ్లలో తగ్గిపోతుంది." ఆ వాక్యం చెప్పి ఆగకుండా చెమట దగ్గరికి వెళ్లిపోయారు. నేను వెనక కూర్చున్నాను. స్వెట్టర్ అబ్బాయి తల ఎత్తలేదు. ముందు బెంచీలో, చొక్కా లాగిన ఆ నలుగురిలో ఒకడు మాత్రం చెయ్యి మెల్లగా జేబులోంచి తీసి, ఎవరూ చూడట్లేదనుకుని, చొక్కా మీంచి తన ఛాతీ తడుముకున్నాడు.

మూడో రోజు ఆ ఖాళీ మాట పిల్లలకే వదిలాం. సంగతి వివరించి, దీనికి పేరు చెప్పమన్నాం. ఒక అమ్మాయి "అడిగి ఆగడం" అంది. ఫోన్‌లో ఒకరి ఫొటో ఇంకొకరికి పంపేముందు, చొక్కా లాగేముందు, భుజం మీద చెయ్యి వేసేముందు. జాబితాలో అదే రాసుకున్నాం.

ఆ తర్వాత

దగ్గులు ఒక్కసారిగా ఆగిపోలేదు. రెండు వారాల తర్వాత ఒకసారి వినిపించిందట. పక్కనున్న పిల్లవాడు "ఆపరా, నీకూ వస్తుంది" అన్నాడట. అంతకంటే ఏమీ జరగలేదు. మూడు వారాలకు ఆ అబ్బాయి స్వెట్టర్‌తోనే పీటీకి వచ్చాడు. పీటీ సార్‌ని ఏమీ అనొద్దని ముందే అడిగాను. తీయమని అడిగితే అది మళ్లీ అందరి ముందు జరిగే పని అవుతుంది. ఇంకో నెలకు స్వెట్టర్ బ్యాగ్‌లో పెట్టుకుని వచ్చాడు. ఆరు నెలల చెకప్‌లో ఎడమవైపు దాదాపు పోయింది, కుడివైపు ఇంకా కొంచెం ఉంది. స్వెట్టర్ ఇప్పటికీ బ్యాగ్‌లో ఉంటుంది, వేసుకోడు. వాళ్ల నాన్నతో ఇంకా మాట్లాడలేదు. కాగితం ఇంటికి వెళ్లింది కాబట్టి ఆయన చదివే ఉంటారు. వాడు అడగమన్న రోజు అడుగుతాను.

మళ్లీ ఇలాంటి కేసు వస్తే నేను మొదటి మీటింగ్‌కి గణాంకాలు తీసుకెళ్లను. పిల్లల ప్రశ్నలు తీసుకెళ్తాను, నేను వాడబోయే మాటలు పైకి చదువుతాను. గణాంకాలు ఎవరైనా అడిగితే ఇస్తాను. వ్యతిరేకించే పేరెంట్స్‌ని పాతకాలం వాళ్లని అనుకోను. నిరుడు ఆ హాల్లో జరిగింది చూసినవాళ్లకు అనుమానం రావడం సహజం. ఒక పిల్లవాడి బాధ ఆ పిల్లవాడి దగ్గరే తగ్గుతుందని ముందే తేల్చేసుకోను.

తొమ్మిదో తరగతి కాగితం ఇప్పుడు తయారవుతోంది. గర్భం ఎలా వస్తుంది, ఎలా రాకుండా చూసుకోవచ్చు, వ్యాధులు ఎలా అంటుకుంటాయి, ఎలా అంటుకోవు. ఇది ఎనిమిదో తరగతిది ఒప్పుకున్నంత తేలిగ్గా ఒప్పుకోరని తెలుసు. మాటల బల్ల దగ్గర ఈసారి ఐదుగురం. వెనక వరసలోంచి లేచిన ఆ తండ్రిని రమ్మని పిలిస్తే వచ్చారు. పోయిన వారం నేను రాసిన చిత్తుప్రతి ఇంటికి తీసుకెళ్లారు. తిరిగి పంపినప్పుడు నాలుగో పేజీలో ఒక మాట కొట్టేసి ఉంది, పక్కన పెన్సిల్‌తో ఇంకో మాట రాసి ఉంది. కింద చిన్న అక్షరాలతో, "మా అమ్మాయికి ఇది అర్థమైంది, మీది కాలేదు" అని ఉంది. ఆయన రాసిన మాటే పెట్టాం.